చెనక్కాయల కాలంలో బడి గంట



హస్త కార్తె దాటి చిత్త కార్తె వచ్చేసరికి నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు పల్లెలలో రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. చేలో చెనక్కాయ చెట్లు పెరకాలి. బడిలో దసరా ముందటి పరీక్షలు, మండల స్థాయి ఆటల పోటీలు, గాంధీ జయంతి, ఆ వెనుకనే బాలల దినోత్సవము. చేను బిడ్డ చేయి ఒకటి పట్టుకొని లాగుతుంది, బడి రెండవ చేయి పట్టుకొని లాగుతుంది. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ లాగులాటను గూర్చి, దానిలో ఊరు ఎవరి పక్షమున నిలుస్తుందన్న దానిని గూర్చి.

ఇది మెట్ట ప్రాంతము. సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైగా ఎత్తున ఉన్న నేల. మదనపల్లె మీదుగా పారే బాహుదా నదిలో యేడాదిలో ఎక్కువ దినాలు ఇసుకే కనబడుతుంది. ఆ నది నీటిని నిలబెట్టుకొనుటకు నిమ్మనపల్లె మండలంలో జలాశయం కట్టారు గానీ, పొలాలలో ఎక్కువ భాగం నేటికీ ఆకాశం వైపే చూస్తుంది. జూన్, జూలై నెలలలో వేసిన చెనక్కాయ అక్టోబరు, నవంబరు నెలలకు చేతికి వస్తుంది. సరిగ్గా ఆ నెలలలోనే ఈశాన్య ఋతుపవనాల వానలు. పెరికిన చెట్లు చేలో ఉండగా ముసురు పట్టిందంటే కాయ నల్లబడుతుంది, మొలకెత్తుతుంది, పశువులకు మేపుకోవలసిన కట్టె కుళ్ళుతుంది. అందుకని ఇంట్లో చేతులున్న ప్రతివాడూ చేలోకి దిగవలసిందే. పదేండ్ల బిడ్డ చేతులు కూడా చేతులే గదా!

ఒకప్పటంత విస్తీర్ణంలో ఇప్పుడు చెనక్కాయ వేయడం లేదు. టమాటా వచ్చింది, మామిడి వచ్చింది. అయినా పని మారలేదు. టమాటాకు కాపు మొదలైతే రోజు మార్చి రోజు కోత ఉండనే ఉంటుంది. తెల్లవారక ముందే గంపలు నింపి మదనపల్లె మార్కెట్టుకు పంపవలసిన తొందర ఉంటుంది.

ఒక తల్లి బడి గేటు దగ్గర నిలబడి చెప్పే మాటలు ఈ ప్రాంతపు అయ్యవార్లందరూ విన్నవే. "సార్, నాలుగు దినాలు వాణ్ణి పంపీలేము. చెట్లు పెరికేసినాము, మబ్బు పట్టింది. కూలోళ్ళు దొరకలేదు. ఆదివారం దాకా ఓర్చుకో సార్." ఆమె అబద్ధం చెప్పడం లేదు. బిడ్డ చదువుకోవద్దని ఆమెకు లేదు. కానీ ఆ నాలుగు దినాలు ఎనిమిదవుతాయి. అంతలో దసరా సెలవులు వస్తాయి. బిడ్డ అవ్వ గారింటికి పోతాడు. తిరిగి వచ్చేసరికి లెక్కలలో భాగహారం అయిపోయి భిన్నాలు మొదలై ఉంటాయి. వాడికి అర్థం కాదు. అర్థం కానిచోట కూర్చోవడం కంటే చేలో ఉండడమే వాడికి సుఖం. ఆ విధంగా బడి మానేసిన బిడ్డలను ఎవరూ మాన్పించలేదు, వారంతట వారే జారిపోయారు. పెద్ద తరగతులలో బడి మానిన పిల్లలను గూర్చి ఆలోచించేటప్పుడు మూడు, నాలుగు తరగతులలో గడిచిన ఈ శరత్కాలపు దినాలను లెక్కపెట్టవలెనని మా అభిప్రాయము.

కుప్పం వైపు సంగతి కొంచెం వేరు. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. రైలు ఎక్కితే బెంగళూరు. చేను ఎండిన యేడు తల్లిదండ్రులు కట్టడం పనులకు పోతారు, బిడ్డను తాత దగ్గర విడిచిపెట్టి పోయినవారి సంగతి పరవాలేదు. వెంట తీసికొని పోయిన బిడ్డ పేరు మాత్రం ఇక్కడి హాజరు పట్టీలో మిగులుతుంది, బిడ్డ మిగలడు.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకుందాము. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. 6 నుండి 14 యేండ్ల వరకు ప్రతి బిడ్డకూ ఉచిత విద్య హక్కు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు 14 యేండ్లలోపు వారిని పనిలో పెట్టుకోవడం పూర్తిగా నిషేధించారు. అయితే బడి వేళలు ముగిసిన తరువాత గానీ, సెలవులలో గానీ బిడ్డ తన ఇంటివారి పనికి సాయపడవచ్చునని విడిచిపెట్టారు. ఆ "బడి ముగిసిన తరువాత" అన్న మాటను మన ఇండ్లలో గట్టిగా పట్టుకొంటే చాలా మేలు. సాయంత్రం నాలుగున్నరకు బడి నుండి వచ్చి, పుస్తకాల సంచి గట్టున పెట్టి, చీకటి పడేవరకు అమ్మ పక్కన కూర్చొని కాయలు విడిపించే బిడ్డను చూచి మేము బాధపడము. పని తెలిసిన బిడ్డ చెడిపోడు. ఉదయం తొమ్మిది గంటలకు అదే గట్టున కూర్చొన్న బిడ్డను చూచినప్పుడే మాకు మనసు కలుక్కుమంటుంది.

పరిగె ఏరే పిల్లలది ఇంకొక ముచ్చట. రూతు కథ చదివిన మన కుటుంబాలకు పరిగె అంటే ఏమో చెప్పనక్కరలేదు. చెట్లు పెరికిన తరువాత మన్నులో మిగిలిన కాయలను ఏరుకొని అంగట్లో ఇచ్చి పలకో, పెన్నో, గాజులో కొనుక్కొనే సంబరం ఈ ప్రాంతంలో పెరిగిన ప్రతివారికీ జ్ఞాపకమే. ఆ సంబరాన్ని బిడ్డల నుండి తీసివేయమని మేము అనడం లేదు. శనివారం సాయంత్రం ఉన్నది, ఆదివారం ఆరాధన అయిన తరువాత మధ్యాహ్నం ఉన్నది.

మరి చేను పని ఎట్లా తెమలాలి? ఇక్కడే ఊరు కలిసి ఉండడమన్నది వట్టి మాట కాకుండా పోతుంది. ఒకరి చేనికి ఒకరు బదులు పనికి పోవడం మన పల్లెలలో పాత పద్ధతి. ఈ రోజు నీ చేనికి మా ఇంటి నుండి ఇద్దరము వస్తాము, ఎల్లుండి మా చేనికి మీరిద్దరు రండి. డబ్బు చేతులు మారదు. కూలి ధరలు పెరిగి, యంత్రాలు వచ్చి ఇది చాలా ఊళ్ళలో సన్నగిల్లింది. ఇంకా మిగిలిన ఊళ్ళలో గమనించి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పది ఇండ్లు వరుస పెట్టుకొని ఒక్కొక్క చేను పెరుకుతూ పోయినచోట బిడ్డలను పిలవవలసిన అగత్యం తగ్గుతుంది. ఎవరికి వారే పెరుక్కొనే ఊరిలో మొదట బడి మానేది ఒంటరి ఆడమనిషి కొడుకు, లేదా మంచాన పడిన తండ్రి కూతురు. కాబట్టి ఆ ఇండ్ల చేలను వరుసలో ముందు పెట్టుకోవడమే బిడ్డను బడిలో నిలబెట్టే మొదటి ఉపాయము. దానికి ప్రభుత్వ ఉత్తరువు అక్కరలేదు.

ఇక బడి తన వైపు నుండి ఏమి చేస్తున్నది?

సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవము. 1962 నుండి జరుపుకొంటున్నాము. ఆ రోజు పెద్ద తరగతుల పిల్లలే అయ్యవార్లై చిన్నవారికి పాఠాలు చెబుతారు. అమ్మ చీర కట్టుకొని, కుచ్చిళ్ళు కాళ్ళకు తగులుతుండగా నల్లబల్ల ముందు నిలబడిన ఎనిమిదవ తరగతి అమ్మాయిని చూచి ఎవరికి నవ్వు రాదు? కానీ ఆ అమ్మాయి ఇంటికి పోయి ఏమంటుందో వినండి. "నేను టీచరునైతా మా!" అంటుంది. వ్యవసాయ కూలి ఇంటిలో ఆ మాట పలకడమే పెద్ద సంగతి.

సెప్టెంబరు 28 గుర్రం జాషువా పుట్టిన రోజు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించి, ఉపాధ్యాయుడుగా బ్రతికి, తెలుగు కవిత్వంలో ఎవరూ కాదనలేని స్థానం సంపాదించిన మనిషి. ఆయనను తలచుకొనే బడిలో పిల్లలందరూ ఒకే వరుసలో కూర్చొని మధ్యాహ్న భోజనం చేస్తున్నారా అని చూడడం ఊరి పెద్దల పని. మన రాష్ట్రంలో బడులలో వండి వడ్డించడం 2003 జనవరిలో మొదలైంది. ఆ మొదటి యేండ్లలో ఎవరు వండాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అని అక్కడక్కడ లేచిన తగవులు పెద్దలు మరచిపోయి ఉండరు. పిల్లలు మాత్రం వాటిని పెద్దలకంటే త్వరగా మరచిపోయారు. ఒకే పప్పు, ఒకే గుడ్డు, ఒకే బిందె నీళ్ళు. పల్లెలో అన్ని కులాల బిడ్డలు ప్రతిదినం కలిసి కూర్చొని తినే చోటు బడి తప్ప ఇంకొకటి ఏదైనా ఉన్నదా? మాకు తోచలేదు.

అక్టోబరు 2న శ్రమదానము. బడి ఆవరణలో కంప కొట్టడం, నీళ్ళ తొట్టి కడగడం, వానకు కొట్టుకొని పోయిన దారిలో రాళ్ళు వేయడం. వీటిని పిల్లల చేతనే చేయించి ఫోటో తీసుకొనేవారున్నారు. మాకది నచ్చదు. తండ్రులు పారలు తెచ్చుకొని వస్తే, పిల్లలు వారికి నీళ్ళు అందిస్తే అది శ్రమదానము. దసరా సెలవులు ఆ ముందూ వెనుకగా వస్తాయి. మిషనరీ బడులకు దసరా సెలవులు తక్కువ, క్రిస్మసుకు ఎక్కువ. ఒకే ఇంటిలో ఒక బిడ్డ మిషను బడిలో, ఇంకొక బిడ్డ సర్కారు బడిలో ఉంటే ఈ లెక్కతోనే ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరుగుతుంది!

ఆటల పోటీలను గూర్చి కొంచెం ఎక్కువ చెప్పాలి. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు. మండల స్థాయిలో గెలిచిన పిల్లలు పై స్థాయికి పోతారు. ఆడపిల్లను ఆటలకు పంపడానికి ఇంట్లో వెనుకాడతారు. ఎవరితో పోవాలి, ఎప్పుడు తిరిగి వస్తుంది, నిక్కరు వేసుకొంటుందా అన్న ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం వ్యాయామ ఉపాధ్యాయుని ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు తల్లులు పిల్లలతో కలిసి ఆటోలో పోతామంటే ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. చద్దిమూట కట్టుకొని పోయి, మైదానం పక్క చింతచెట్టు కింద కూర్చొని, తన బిడ్డ పేరు మైకులో వినిన తల్లి మరుసటి వారం ఆ బిడ్డను చేనికి పిలవడానికి రెండుసార్లు ఆలోచిస్తుంది. ఆటలో గెలిచిన కప్పు కంటే మాకు ముఖ్యమైనది ఈ రెండుసార్ల ఆలోచనే.

మదనపల్లెకు దగ్గరలోనే ఉన్న రిషివ్యాలీ సంగతి ఇక్కడ చెప్పకపోతే లోపమే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన ఆ విద్యాలయాన్ని డబ్బున్నవారి బిడ్డల బడిగానే చాలామంది ఎరుగుదురు. కానీ దాని గ్రామీణ విద్యా కేంద్రము చుట్టుపక్కల పల్లెలలో చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే గదిలో, ఒకే అయ్యవారి దగ్గర, వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వారు నిలబడి చదువుకొనే పద్ధతిని పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ తీర్చిదిద్దారు. కార్డులు, బొమ్మలు, నిచ్చెనలాంటి పట్టిక. నాలుగు దినాలు రాని బిడ్డ తిరిగి వచ్చినప్పుడు తాను ఆగిన మెట్టు నుండే మొదలుపెడతాడు, మిగిలినవారు తనను దాటిపోయారన్న దిగులు లేదు. చెనక్కాయల ప్రాంతంలో పుట్టిన పద్ధతికి ఈ గుణం ఉండడం మాకు వింతగా తోచలేదు. కర్ణాటకలో 1995లో మొదలైన "నలి కలి" చదువుకు, ఆ తరువాత తమిళనాడు బడులలో వచ్చిన మార్పుకు ఇక్కడి అనుభవమే దారి చూపింది. మన పక్క ఊరి పద్ధతిని చూడడానికి పొరుగు రాష్ట్రాల అయ్యవార్లు వచ్చారు, మనమెంతమంది వెళ్ళి చూచాము?

ఆ బడులలో జరిగే మెట్రిక్ మేళా మాకు అన్నిటికంటే నచ్చినది. పిల్లలే అంగళ్ళు పెడతారు. కూరగాయలు, బొరుగులు, తినుబండారాలు. తూకం వారే వేస్తారు, చిల్లర వారే లెక్కపెడతారు, ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు. కొనడానికి వచ్చేది ఊరివారే. సంతలో మోసపోయిన అనుభవమున్న తల్లికి తన బిడ్డ కిలో, అరకిలో, పావుకిలో సరిగ్గా తూచి ఇవ్వడం కంటే గొప్ప ప్రదర్శన ఏముంటుంది? మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 2023 జూలైలో 150 రూపాయలు దాటిన రోజులున్నవి, కోత కూలి కూడా రాక తోటలోనే వదిలేసిన రోజులూ ఉన్నవి. ఆ లెక్క అర్థం చేసికోగల బిడ్డ ఇంటికి ఆస్తి. నిమ్మనపల్లె మండలంలో ఏ బడిలోనైనా ఇటువంటి సంతను నవంబరు 14న పెట్టుకోవచ్చు. తక్కెడ ఒకటి, గంపలు నాలుగు, ఊరివారి జేబులో పది రూపాయలు. ఇంతకు మించిన ఖర్చు లేదు. ఆ రోజు నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కూడాను. దగ్గరలో శాఖా గ్రంథాలయం ఉంటే పిల్లలను ఒక మధ్యాహ్నం తీసికొని వెళ్ళండి.

ఇక తల్లిదండ్రుల మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవారు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అదే యేడు డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే దినం తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఒకచోట కూర్చోబెట్టారు. 2025లో జూలై 10న ఒకసారి, డిసెంబరు 5న మరియొకసారి అదే జరిగింది. మొదటి సమావేశంలో తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగుడు, అందరికీ కలిసి భోజనము. తాడు లాగుడులో తండ్రులు బోర్లా పడితే పిల్లలు చప్పట్లు కొట్టడం చూడముచ్చటే. కానీ ముగ్గు వేసి, అన్నం తిని, బిడ్డ నోటుపుస్తకం తెరవకుండా ఇంటికి వచ్చిన తల్లి సగం పని చేసి వచ్చినట్లే. చదవడం రాని తల్లియైనా అడగవచ్చు: "సార్, నా బిడ్డ పోయిన నెలలో ఎన్ని దినాలు రాలేదు? దేంట్లో వెనకబడినాడు? నేను ఇంట్లో ఏం చేయాల?" ఈ మూడు ప్రశ్నలు చాలు.

ఈ ప్రశ్నలు అడిగేవారు లేకపోతే ఏమవుతుందో మనం చూచాము. 2022లో 117వ నంబరు జీవోతో చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ప్రాథమిక బడి నుండి తీసి ఉన్నత పాఠశాలలకు కలిపారు. చిన్నపిల్లలు రోడ్డు దాటాలి, వంక దాటాలి. ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలిన బడి ఊరికి అలంకారముగా మిగిలింది. తల్లిదండ్రులు గేటు ముందు కూర్చొన్న ఊళ్ళున్నవి, ఎవరూ మాట్లాడని ఊళ్ళూ ఉన్నవి. 2025లో ఆ జీవోను తీసివేసి ప్రాథమిక బడులను మరల వేరే విధంగా ఏర్పాటు చేశారు. కాగితం మీద ఏ పద్ధతి వచ్చినా పిల్లల సంఖ్యే ప్రమాణము. పది మంది లేని బడి ఎప్పుడూ భయం మీదే నడుస్తుంది. ఊరిలో ఇరవై మంది పిల్లలుండి పన్నెండు మంది పట్టణపు వ్యానెక్కితే, ఆ ఎనిమిది మంది బడిని ఎవరు కాపాడతారు? వ్యానెక్కించేవారిలో మన సంఘపు పెద్దలు కూడా ఉన్నారు. వారిని తప్పు పట్టడానికి మేము ఈ మాట అనలేదు. వారి బిడ్డ ఎక్కడ చదివినా, ఊరి బడిలో కమిటీ కూర్చొన్న దినాన వారి మాటకు విలువ ఉన్నది. ఆ దినాన అక్కడ ఉండండి.

మన సంఘాలకు ఈ విషయము కొత్తది కాదు. అమెరికన్ ఆర్కాట్ మిషను 1853లో మొదలైంది. మదనపల్లెలో 1860ల నుండి జేకబ్ చాంబర్లేన్ వైద్యము, బోధ, చదువు మూడూ ఒక చేతితోనే నడిపించాడు. ఆ కాలపు పల్లె బడిలో అయ్యవారే బోధకుడు. పగలు పశువులు కాసిన బిడ్డకు రాత్రి దీపం దగ్గర అక్షరాలు దిద్దించారు. బిడ్డ పనిలో ఉన్నాడు కాబట్టి చదువు అక్కరలేదని వారు అనలేదు, బడి వేళనే మార్చుకొన్నారు. మన తాతముత్తాతలలో ఎందరో ఆ దీపం దగ్గర చదివినవారే. నేడు పగటి బడి ఉన్నది, అన్నం ఉన్నది, పుస్తకాలున్నవి. లేనిది సాయంత్రపు నీడ. చెనక్కాయల నెలలలో ప్రార్థనా మందిరపు వరండాలో ఆరున్నర నుండి ఎనిమిది వరకు ఒక బల్బు వెలిగించి, ఇంటరు చదివిన ఇద్దరు యౌవనులను కూర్చోబెడితే, నాలుగు దినాలు బడికి పోని బిడ్డ తాను తప్పిన లెక్కలు అక్కడ అందుకొంటాడు. ఏ మతపు బిడ్డ వచ్చినా రానివ్వాలి, అక్కడ లెక్కలే చెప్పాలి. స్త్రీల సమాజము పిడికెడు బియ్యం తీసే అలవాటు మన ఇండ్లలో ఇంకా పోలేదు. ఆ నెలలలో ఒక పిడికిలి వేరుగా తీసి, పెన్నులకో, దీపం ఖర్చుకో ఇవ్వవచ్చు.

ఒక్క సంగతి మిగిలింది. 2021 నవంబరులో కురిసిన వానలు పాత చిత్తూరు, కడప జిల్లాలను అతలాకుతలం చేసిన సంగతి ఎవరూ మరువలేదు. యేడాదంతా ఎండి ఉండే వంక ఆ నెలలో ఒక్క గంటలో నడుము లోతు పారుతుంది. బడికి పోయేటప్పుడు పొడిగా ఉన్న దారి, తిరిగి వచ్చేటప్పుడు లేకుండా పోవచ్చు. బడి విడిచే వేళకు మబ్బు పడితే వంకకు ఇవతల ఒకరు, అవతల ఒకరు పెద్దవారు నిలబడే ఏర్పాటు ప్రతి ఊరు చేసికోవాలి. వంతులు వ్రాసి బడి గోడకు అంటించండి. చేను పనిలో ఉన్నవారికి ఆ గంట కష్టమే. అందుకని ఆ వంతులు ముసలివారికి, అంగడి వారికి, పాస్టరు గారికి ముందుగా వేయండి. వంక నీళ్ళు మోకాలు దాటితే ఎవరినీ దాటనివ్వకుండా బడిలోనే ఉంచి, ఇండ్లకు ఫోను చేయండి.